కారు కింద దూరకుండా ఇంజన్ ఆయిల్ మార్చొచ్చా? ఉద్దానం ఇసుకలో వ్యాక్యూమ్ ఎక్స్‌ట్రాక్టర్ టెస్ట్

ఇక్కడ నేను ఇప్పటిదాకా రివ్యూ రాసినవన్నీ జేబులో పట్టేవో, చెవిలో పెట్టుకునేవో. ఈసారి వచ్చింది ఆరు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా. బ్లూటూత్ లేదు, యాప్ లేదు, ఛార్జింగ్ పోర్టు కూడా లేదు. పైన సైకిల్ పంపు లాంటి హ్యాండిల్, పక్కన సన్నటి గొట్టాలు రెండు. పార్సిల్ విప్పుతుంటే మా నాన్నమ్మ వచ్చి చూసి, "ఏటిరా అది, తోటకి మందు కొట్టే డబ్బాలాగుంది?" అంది. చూడ్డానికి నిజంగానే జీడితోటలకు మందు కొట్టే స్ప్రేయర్‌లా ఉంటుంది. కాకపోతే అది బయటికి కొడుతుంది, ఇది లోపలికి పీలుస్తుంది. దీని పేరు వ్యాక్యూమ్ ఆయిల్ ఎక్స్‌ట్రాక్టర్. డిప్‌స్టిక్ పెట్టే రంధ్రంలోంచి గొట్టం దింపి ఇంజన్‌లోని పాత ఆయిల్‌ని పైనుంచే లాగేయడం దీని పని. కారు ఎత్తక్కర్లేదు, కింద పడుకోనక్కర్లేదు, డ్రెయిన్ బోల్టు ముట్టుకోనక్కర్లేదు.

యూట్యూబ్‌లో ఇలాంటి వీడియోలు మీరు చూసే ఉంటారు. అవన్నీ నున్నటి టైల్స్ వేసిన గ్యారేజీల్లో తీసినవి. మాది పలాస నుంచి సముద్రం వైపు వెళ్తే వచ్చే వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊరు. వాకిలంతా ఇసుక, నెత్తిమీద కొబ్బరిచెట్లు. అక్కడ ఇది పనిచేస్తుందా అన్నది నా ప్రశ్న.

అసలు ఎందుకు కొన్నానంటే

మా నాన్న కారు పన్నెండేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. పలాస, టెక్కలి, ఎప్పుడైనా శ్రీకాకుళం, అంతే దాని ప్రపంచం. ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు దాటదు. అయినా ఆయిల్ మార్చాలా అంటే మార్చాలి. మాన్యువల్‌లో 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది అని ఉంటుంది. చాలామంది మొదటి సగం మాత్రమే చదువుతారు. నిజానికి చిన్న చిన్న దూరాలు తిరిగే బండికే ఆయిల్ ముందు పాడవుతుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తాం కాబట్టి లోపల చేరిన తేమ, పెట్రోల్ ఆవిరి బయటికి పోవు. ఆయిల్‌లోనే కలిసిపోతాయి.

రెండేళ్ల క్రితం ఒకసారి నేనే కింద దూరి మారుద్దామని జాకీ పెట్టాను. చెక్క ముక్క వేసి, దాని మీద జాకీ పెట్టి, జాగ్రత్తగానే చేశాననుకున్నా. బండి లేచింది. నేను బోల్టుకి సరిపోయే స్పానర్ కోసం ఇంట్లోకి వెళ్లి వచ్చేసరికి చెక్క ఒక పక్కకి ఇసుకలో దిగిపోయి, కారు ఒరిగి ఉంది. నేను కింద లేను, అంతే. నాన్న ఏమీ తిట్టలేదు. స్పానర్ చేతిలోంచి తీసుకుని లోపల పెట్టేశాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే రూల్: కారు కింద ఎవరూ దూరకూడదు. ఇది చదివేవాళ్లలో ఎవరైనా జాకీ ఒక్కటే నమ్ముకుని కింద దూరేవాళ్లుంటే, ఇసుక కాకపోయినా, సిమెంటు నేల మీదైనా సరే, దయచేసి మానేయండి. జాకీ ఎత్తడానికి మాత్రమే. మోయడానికి స్టాండ్లు వేరే ఉంటాయి.

దాంతో పోయినేడు బయట ఒక షెడ్డులో మార్పించాం. అక్కడి కుర్రాడు డ్రెయిన్ బోల్టుని గాలి గన్నుతో బిగించాడు. ఆయిల్ ప్యాన్ అల్యూమినియం, బోల్టు ఉక్కు. రెంటిలో ఏది ఓడిపోతుందో తెలిసిందే. మరలు సగం అరిగిపోయాయి. దారం టేపు చుట్టి మళ్లీ పెట్టి పంపేశాడు. ఆ తర్వాత రోజూ వాకిట్లో రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ. ఆ మచ్చకి పదడుగుల దూరంలో మా నుయ్యి.

ఉద్దానంలో పుట్టినవాడికి నీళ్ల దగ్గర మచ్చ కనిపిస్తే మామూలుగా ఉండదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతుక్కోవాలి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, రీసెర్చ్ సెంటర్ 2023 డిసెంబర్‌లో ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీళ్లు పైపుల్లో ఊళ్లకు తెచ్చే 700 కోట్ల పథకం కూడా అప్పుడే మొదలైంది. ఇంత జరిగినా జబ్బుకి అసలు కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. ఒకటి స్పష్టంగా చెప్పాలి: ఇంజన్ ఆయిల్‌కీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని ఎవరూ అనలేదు, నేనూ అనడం లేదు. కానీ నీళ్ల గురించి ఇన్నేళ్లు భయపడిన ఊళ్లో, నూతి పక్కన ఇసుకలోకి చుక్క చుక్కగా ఆయిల్ దిగుతుంటే చూస్తూ ఊరుకోలేం. ఇసుక నేల దేన్నీ పైన ఆపదు, అన్నీ కిందికి పంపిస్తుంది.

కొత్త ఆయిల్ ప్యాన్ వేయించాలి, అది వేరే ఖర్చు. ఈలోపు నాన్న కారుని సిమెంటు పలక మీద, కింద రేకు పెట్టి ఆపుతున్నాడు. బోల్టు కదిపితే ఉన్న మరలు కూడా పోతాయి. ఆయిల్ మార్చే టైమ్ వచ్చేసింది. బోల్టు ముట్టకుండా ఆయిల్ తీయాలి. అలా వెతుకుతుంటే దొరికింది ఈ డబ్బా.

కొబ్బరిబొండం, స్ట్రా

పనిచేసే పద్ధతి చాలా సింపుల్. హ్యాండిల్ పైకీ కిందికీ ఆడిస్తే డబ్బాలోని గాలి బయటికి పోతుంది. లోపల ఒత్తిడి తగ్గుతుంది. గొట్టం రెండో కొస ఇంజన్ అడుగున ఆయిల్‌లో ఉంటుంది. బయటి గాలి ఒత్తిడి ఆయిల్ మీద పడి దాన్ని గొట్టంలోకి నెడుతుంది. బొండంలో స్ట్రా పెట్టి తాగేటప్పుడు కూడా జరిగేది ఇదే. మనం పీలుస్తున్నాం అనుకుంటాం గానీ, నెట్టేది బయటి గాలి. లెక్క ప్రకారం పూర్తి శూన్యం ఉంటే సముద్ర మట్టం దగ్గర ఆయిల్ దాదాపు 12 మీటర్ల ఎత్తుకి లేస్తుంది. మనకి కావాల్సింది మీటరు కూడా లేదు. కాబట్టి చేతి పంపు చేసే అరకొర శూన్యం చాలు. మధ్యలో ఆపేసి టీ తాగొచ్చు కూడా, పీల్చడం దానంతటదే సాగుతుంటుంది.

అసలు ఇబ్బంది ఎత్తు కాదు, చిక్కదనం. సాధారణ 5డబ్ల్యూ-30 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర 60 సెంటీస్టోక్స్ పైచిలుకు ఉంటుంది, 100 డిగ్రీల దగ్గర పది చుట్టుపక్కలకి వస్తుంది. అంటే ఆరు రెట్లు పల్చబడుతుంది. రెండోది గొట్టం లావు. ఇంజనీరింగ్ ఫ్లూయిడ్స్ సబ్జెక్టులో చదివి పరీక్ష అయ్యాక మర్చిపోయిన సూత్రం ఇక్కడ పనికొచ్చింది. సన్నటి గొట్టంలో ప్రవాహం వ్యాసార్థం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్ల నుంచి 6కి పెంచితే ప్రవాహం ఐదు రెట్లవుతుంది. అందుకే మీ డిప్‌స్టిక్ రంధ్రంలో పట్టే వాటిలో అన్నిటికన్నా లావు గొట్టం వాడాలి. పెట్టెలో సన్నది ఒక్కటే ఇచ్చే చవక మోడల్ కొనొద్దు.

ఇదేమీ కొత్త కనిపెట్టుడు కాదు. పడవ అడుగున బిగించిన ఇంజన్‌లో ఆయిల్ ప్యాన్ కింద చెయ్యి పట్టే చోటు ఉండదు. అందుకే అలాంటి పడవలకు ఇలా పైనుంచి లాగడం ఎప్పటి నుంచో అలవాటు. మా తీరంలో ఫైబర్ బోట్లకి బయట తగిలించే ఇంజన్లే ఎక్కువ కాబట్టి ఇక్కడ ఈ డబ్బా ఎవరూ చూడలేదు. కార్లలో కూడా, మొదటి తరం స్మార్ట్ ఫోర్‌టూకి అసలు డ్రెయిన్ బోల్టే లేదు. ఆయిల్ పైనుంచే తీయాలి. బయటి దేశాల్లో పెలా, మిటీవ్యాక్ అనే బ్రాండ్లు పేరున్నవి. మనకి ఆన్‌లైన్‌లో దొరికేవాటిలో ఎక్కువ భాగం పేరు లేనివే. నేను కొన్నదీ అలాంటిదే. 2,890 రూపాయలు పడింది. విశాఖ దాకా రెండు రోజుల్లో వచ్చి, అక్కడి నుంచి మా ఊరికి ఇంకో ఐదు రోజులు తీసుకుంది. ట్రాకింగ్‌లో "అవుట్ ఫర్ డెలివరీ" అని మూడుసార్లు చూశాను.

మొదటి ప్రయత్నం: ఫెయిల్

సంక్రాంతి సెలవుల్లో, పొద్దున ఆరున్నరకి, ఉత్సాహం ఆగక చల్లటి ఇంజన్ మీదే మొదలుపెట్టా. 20 డిగ్రీలు ఉంటుందేమో. ముప్పైసార్లు పంపు కొట్టాను. గొట్టంలో నల్లటి గీత ఒకటి మెల్లగా పాక్కుంటూ వచ్చింది. పది నిమిషాల తర్వాత డబ్బాలో 400 మిల్లీలీటర్లు. ఇలా అయితే పండగ అయిపోతుంది.

కారు తీసుకుని సముద్రం దాకా వెళ్లి వచ్చాం. నాన్న కూడా ఎక్కాడు, పని మీద నమ్మకం లేక. వచ్చాక పది నిమిషాలు ఆగాను. ఆయిల్ ప్యాన్ మీద పక్కనుంచి ఐఆర్ గన్ పెడితే 58 డిగ్రీలు చూపించింది. ఇది సరైన వేడి. మరీ మరుగుతున్నప్పుడు చేస్తే గొట్టం మెత్తబడి మడత పడుతుంది, చెయ్యి కూడా కాలుతుంది. నా డబ్బాతో వచ్చిన కాగితంలో 40 నుంచి 60 మధ్య వాడమన్నారు.

తేడా వెంటనే తెలిసింది. పొద్దున పది నిమిషాల్లో 400 వస్తే, ఇప్పుడు పదకొండు నిమిషాల్లో రెండు లీటర్లకి కొంచెం తక్కువ వచ్చి, గొట్టంలో గరగర మని గాలి చప్పుడు మొదలైంది. చాలామంది ఇక్కడ ఆపేస్తారు. ఆపొద్దు. గొట్టం అడుగు తగిలిందో లేదో చేతికి తెలియాలి. ఎక్కువ దింపితే అది అడుగున వంగి పైకి తిరుగుతుంది, ఆయిల్ మట్టానికి పైన గాలిని పీలుస్తుంది. నేను ఒక అంగుళం పైకి లాగి, కొద్దిగా తిప్పి, మళ్లీ దింపాను. ఇంకో 190 మిల్లీలీటర్లు వచ్చాయి.

కొలత డబ్బా మీది గీతలు నమ్మి చెప్పడం లేదు. వంటింటి కాటా మీద తూచాను. పొద్దుటిది కూడా కలిపి మొత్తం 2.17 కేజీలు. ఆయిల్ సాంద్రత లీటరుకి 0.85 కేజీ చొప్పున వేసుకుంటే 2.55 లీటర్లు. మాన్యువల్ ప్రకారం ఫిల్టర్ కాకుండా 2.9 లీటర్లు పట్టాలి. మొదలుపెట్టే ముందు డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీతకి పావు వంతు కిందుంది, అంటే ఒక పావు లీటరు తక్కువ. కాబట్టి లోపల ఉన్నది 2.65. మిగిలింది 100 మిల్లీలీటర్లు. కాటా తిరిగి ఇచ్చేటప్పుడు అమ్మ ఆ కాటాని ఇంక వంటింట్లోకి తేవద్దంది. దాని ఖర్చు కూడా ఈ ప్రాజెక్టులో కలుపుకోండి.

ఫిల్టర్ మర్చిపోవద్దు

ఎక్స్‌ట్రాక్టర్ వీడియోల్లో దాటేసే విషయం ఇది. ఆయిల్ పైనుంచి తీశాం సరే, ఫిల్టర్ ఎక్కడుంది? మా కారులో ఇంజన్ ముందు వైపు ఉంది, మోచెయ్యి గీసుకుంటే గీసుకుంది గానీ పైనుంచే అందింది. కొన్ని కార్లలో కింద నుంచి తప్ప అందదు. అలాంటి కారుకి ఈ డబ్బా కొంటే సగం పని కోసం కొన్నట్టే, ఎలాగూ కింద దూరాల్సిందే. కొనేముందు బానెట్ ఎత్తి ఫిల్టర్ వెతకండి. ఫిల్టర్ మార్చకుండా ఆయిల్ ఒక్కటే మార్చడం మాత్రం స్నానం చేసి విడిచిన చొక్కానే తొడుక్కోవడం లాంటిది.

పాత ఫిల్టర్‌కి పాలిథీన్ సంచి తొడిగి విప్పితే కారేది సంచిలోనే పడుతుంది. కొత్తదాని రబ్బరు రింగుకి కొత్త ఆయిల్ రాసి, రింగు తగిలాక చేత్తోనే ముప్పావు చుట్టు తిప్పాను. గన్ను, స్పానర్ ఏవీ వద్దు. బోల్టు కథ ఒకసారి చాలు.

నింపేటప్పుడు ఇంకో జాగ్రత్త. లోపల 100 మిల్లీలీటర్లు మిగిలి ఉన్నాయని లెక్క చెబుతోంది కదా, మాన్యువల్‌లో ఫిల్టర్‌తో 3.1 అని ఉందని మొత్తం 3.1 పోసేస్తే ఎక్కువవుతుంది. ఎక్స్‌ట్రాక్టర్ సరిగ్గా లాగక అర లీటరు మిగిలిపోయిందనుకోండి, అప్పుడు కొలత ప్రకారం పోసినవాడికి అర లీటరు ఎక్కువ. క్రాంక్ షాఫ్ట్ ఆ ఆయిల్‌ని మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది, నురగ వస్తుంది, నురగ బేరింగులను కాపాడదు. అందుకే ఎంత తీశామో తూచడం. ముందు 2.75 పోసి, ఒక నిమిషం ఇంజన్ ఆన్ చేసి, పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూశాను. తర్వాత కొంచెం కొంచెంగా 2.95 దాకా. పై గీతకి గోరంత కింద ఆగింది. అక్కడే వదిలేశా.

పొద్దున పోయిన టైమ్ తీసేస్తే, మొత్తం 50 నిమిషాలు. నేల మీద ఒక్క చుక్క పడలేదు. నా చేతులు మాత్రం నల్లబడ్డాయి, గ్లోవ్స్ ఒకటి చిరిగింది. నాన్నమ్మ చూసి నవ్వింది. ఆవిడ వయసులో ఉన్నప్పుడు జీడిపిక్కలు కొట్టేది. ఆ జీడి రసం అంటిన నలుపు వారాల తరబడి పోదు, చర్మం కూడా పొక్కుతుంది. "నీది సబ్బుకి పోద్ది లేరా," అంది. (ఆ జీడి నూనె నుంచి తయారయ్యే రెసిన్‌ని బ్రేక్ లైనింగుల్లో వాడతారని ఆవిడకి చెప్పా. "మా సేతులు కాల్చింది సాల్లేదా, బళ్లకి కూడానా?" అంది.) వాడిన ఇంజన్ ఆయిల్ చర్మానికి మంచిది కాదు, నైట్రైల్ గ్లోవ్స్ రెండు జతలు పెట్టుకోండి.

నిజంగా మొత్తం వస్తోందా?

నా 100 మిల్లీలీటర్ల లెక్క కాగితం మీది లెక్క. బోల్టు విప్పి చూస్తేగానీ నమ్మకూడదు. మా కారు బోల్టు ముట్టలేం. మా బావ డీజిల్ సెడాన్ ఆయిల్ మార్పుకి వచ్చి ఉంది. కాశీబుగ్గలో గొయ్యి ఉన్న ఒక గ్యారేజీకి వెళ్లాం. మేస్త్రీ బావకి తెలిసినాయనే. బండి గొయ్యి మీద పెట్టి, ముందు నా డబ్బాతో పైనుంచి లాగాను. గొట్టం మూడుసార్లు సర్ది, గాలి తప్ప ఏమీ రావడం లేదనుకున్నాక ఆపాను. తర్వాత మేస్త్రీ కిందికి దిగి బోల్టు విప్పాడు. కొలగ్లాసులోకి కారింది 170 మిల్లీలీటర్లు.

ఇది ఎక్కువా తక్కువా? నా లెక్కలో పర్వాలేదు. బోల్టు విప్పి కార్చినా ఇంజన్ లోపల సందుల్లో, గోడల మీద కొంత ఎప్పుడూ మిగులుతుంది, ఎవరూ ఆఖరి చుక్క దాకా తీయరు. అడుగున చెత్త మిగిలిపోదా అని చాలామంది అడుగుతారు. ఆయిల్‌లో తేలుతూ ఉండే మసి ఆయిల్‌తోపాటే వచ్చేస్తుంది. గట్టిగా అంటుకున్న మడ్డి బోల్టు విప్పినా రాదు. కానీ ఫలితం కారుని బట్టి మారుతుంది. కొన్నిటిలో డిప్‌స్టిక్ గొట్టం ప్యాన్ లోతైన చోటుకి చేరదు. మీ కారు మీద మొదటిసారి చేసినప్పుడు తూచకుండా నమ్మొద్దు.

మేస్త్రీ మాత్రం ఇంకో మాట అన్నాడు. లైటు వేసి కిందంతా చూస్తూ, ముందు చక్రం దగ్గర రబ్బరు బూట్ చిరిగి గ్రీజు కారుతోందని చూపించాడు. "తమ్ముడూ, ఆయిల్ మార్చడం పెద్ద పనేటి కాదు. ఆ వంకన కిందకి దిగుతాం సూడు, అదీ పని. నువ్వు పైనుంచి లాగేసుంటే ఇది కనబడ్డాదేటి?" నా దగ్గర జవాబు లేదు. ఉప్పుగాలి తగిలే ఊళ్లో కింద ఏది ఎప్పుడు తుప్పు పడుతుందో తెలియదు. అందుకే మేం ఇప్పుడు అనుకున్నది, ఏడాదికి ఒకసారి పైనుంచి ఆయిల్ మార్చినా, విడిగా ఒకసారి బండిని గొయ్యి మీద పెట్టి చూపించాలని.

బావ దగ్గర 12 వోల్టుల ఎలక్ట్రిక్ పంపు ఒకటి ఉంది, కారు బ్యాటరీకి క్లిప్పులు పెట్టి నడిపేది. వెయ్యి రూపాయల లోపే కొన్నాడట. చిన్నది, తేలిక. కానీ దానికి డబ్బా విడిగా కావాలి, ఆయిల్ చల్లగా ఉంటే మోటారు వేడెక్కిపోతుంది, పైగా అదేపనిగా నడపకూడదు. నాకు చేతి పంపే నచ్చింది. చెడిపోవడానికి అందులో ఏముంది? ఏది కొన్నా ఒక హెచ్చరిక: వీటితో పెట్రోల్ లాగొద్దు. ముఖ్యంగా ఎలక్ట్రిక్ దానితో. ఒక నిప్పురవ్వ చాలు.

డబ్బు మిగులుతుందనుకుని కొనేవాళ్లకి కూడా చెప్పేస్తున్నా, మిగలదు. ఆయిల్ క్యాన్ 1,650, ఫిల్టర్ 120, ఇవి ఎక్కడ చేయించినా తప్పవు. మాకు ఇక్కడ కూలి 300 తీసుకుంటారు. అంటే ఈ డబ్బా ఖరీదు తిరిగి రావాలంటే మా నాన్న కారుకి పదేళ్లు పడుతుంది. కారు పదేళ్లుంటుందో లేదో. బండ్లు మూడు నాలుగున్న ఉమ్మడి కుటుంబమో, నలుగురు ఫ్రెండ్స్ కలిసి కొనుక్కోవడమో అయితే అర్థముంది. బైకుకి అసలు వద్దు, బోల్టు ఎదురుగానే ఉంటుంది, కింద పళ్లెం పెడితే చాలు. నేను కొన్నది ఇసుక కోసం, పోయిన మరల కోసం. ఆ రెండు లేకపోతే కొనేవాణ్ణి కాదేమో.

నల్ల ఆయిల్‌ని ఏం చేయాలి?

పని అయిపోయిందనుకున్నాక అసలు పని మొదలైంది. డబ్బాలో రెండున్నర లీటర్ల నల్లటి ఆయిల్. గంటలో ఇద్దరు వచ్చి అడిగారు. ఒకాయనకి కంచె కర్రలకి చెదలు పట్టకుండా రాయడానికి, ఇంకొకాయనకి సెంట్రింగ్ చెక్కలకి. రెండూ మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉన్న వాడకాలే. ఇద్దరూ మా వాళ్లే. వరసకి చిన్నాన్న అయ్యే ఆయన, "పారబోసే దానికి ఇంత ఆలోచనేట్రా?" అన్నాడు. కంచె కర్ర ఇసుకలోనే పాతుతారు, వానకి ఆయిల్ ఇసుకలోకే పోతుంది. వాకిట్లో మచ్చ గురించి ఏడాదిగా గోల పెట్టి, ఇప్పుడు రెండున్నర లీటర్లు చేతికివ్వడం నావల్ల కాలేదు. లేదని చెప్పాను. ఆయన రెండ్రోజులు మాట్లాడలేదు.

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్పే లెక్క ఒకటుంది: ఒక్క ఆయిల్ మార్పులో వచ్చే పాత ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లని పాడు చేయగలదని. అంటే దాదాపు 38 లక్షల లీటర్లు. అది మరీ ఘోరమైన పరిస్థితికి వేసిన లెక్క అనుకుని అందులో నూరో వంతే తీసుకున్నా, మా నూతికి సరిపోయి మిగులుతుంది. మన దేశంలో కూడా వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందికి వస్తుంది. 2023లో చేసిన సవరణతో, 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారు చేసే, దిగుమతి చేసే కంపెనీలకే పాత ఆయిల్ రీసైక్లింగ్ బాధ్యత పెట్టారు. కాగితం మీద బాగుంది. పలాసలో రెండున్నర లీటర్లు పట్టుకున్న మనిషి ఎవరికివ్వాలన్నది మనం కాళ్లరిగేలా తిరిగితేనే తెలుస్తుంది.

మొదట వెళ్లిన షెడ్డులో, వెనక కాలువ చూపించి అక్కడ పోసేయమన్నారు. రెండో చోట బయటి ఆయిల్ తీసుకోమన్నారు. టెక్కలి వెళ్లే పని ఉండి క్యాన్ డిక్కీలో పెట్టుకుని వెళ్లాను. ఫిల్టర్ కూడా రంధ్రం చేసి, ఒక రాత్రంతా బోర్లించి కార్చి, సంచిలో కట్టాను. టెక్కలి దగ్గర హైవే పక్కన లారీలు బాగుచేసే పెద్ద వర్క్‌షాపులో పాత ఆయిల్ డ్రమ్ములు వరసగా నిలబెట్టి ఉన్నాయి. చుట్టూ గ్రానైట్ లారీలు. అక్కడి ఓనర్‌ని అడిగితే, డ్రమ్ములు నిండాక ఏజెంటు వచ్చి తీసుకెళ్తాడని చెప్పాడు. కాగితం ఏమైనా ఇస్తాడా అంటే నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, రసీదు పుస్తకం తీసి చూపించాడు. "ఎన్ని డ్రమ్ములు తెచ్చావు బాబూ?" అన్నాడు. కారులోంచి క్యాన్ తీసుకొచ్చి చూపించాను.

నవ్వాడు, కానీ తీసుకున్నాడు. క్యాన్ ఖాళీ చేసి, దాన్ని నాకే తిరిగిచ్చాడు, మళ్లీ ఏడాది తెచ్చుకోమని. ఇంటికొచ్చాక నాన్న దాని మీద మార్కర్‌తో తేదీ, కిలోమీటర్లు రాసి, ఎక్స్‌ట్రాక్టర్‌తోపాటు అటక మీద పెట్టాడు. ఆయిల్ ప్యాన్‌కి ఆర్డర్ ఇచ్చాం, రావడానికి మూడు వారాలన్నారు. అప్పటిదాకా సిమెంటు పలక మీద రేకు అలాగే ఉంటుంది. పొద్దున లేవగానే నాన్న దాన్ని లాగి చూస్తున్నాడు. బోల్టు ఎవరూ కదపకపోవడంతో పోయిన వారంలో మూడు చుక్కలు, అంతే.